సగం చూసిన కారు

కొత్త కారు చూడ్డానికి వెళ్ళేటప్పుడు టిమోతి తెల్ల చొక్కా వేసుకుంటాడు. ఆదివారం చర్చికి వేసుకునేదీ అదే. ఆ శనివారం పొద్దున్న దాన్నే ఇస్త్రీ చేయించి తొడుక్కుని, కూర్మన్నపాలెం సర్వీసు రోడ్డులో ఉన్న తన రేకుల షెడ్డుకి తాళం వేస్తుంటే, పక్కన టీకొట్టు ధనలక్ష్మి గరిటె ఆపి చూసింది.

"ఏటన్నయ్యా, తెల్లసొక్కా ఏసేవు? సెర్చి రేపు గదేటి?"

"కొత్త కారొచ్చిందట. సూసొస్తాను."

"కొనడానికే?"

"ఆఁ. రెండు తెస్తాను. నీకోటి."

"నాకెర్రది తే, బాబ్బాబు. టీ కేను ఎనకాల పెట్టుకుంటాను." నవ్వి, వెంటనే అడిగింది, "ఒక్కడివే ఎల్తన్నావేటి?"

అది వినపడనట్టు టిమోతి బస్సుకేసి నడిచాడు.

అతను టింకరు. గుద్దుకున్న కార్ల సొట్టలు తీసేవాడు. రేకు వెనక ఇనప దిమ్మ పెట్టి, ముందు నుంచి సుత్తితో మెల్లమెల్లగా కొట్టి, వంకర పోయిన రేకును మళ్ళీ దాని మొదటి ఆకారానికి తెచ్చేవాడు. ఆ షెడ్డు ఒకప్పుడు ఇద్దరిది. రెండోవాడు శ్రీరామ్మూర్తి. పెందుర్తి అవతల పల్లెలో పొలం పని వదిలి సుత్తి పట్టినవాడు. ఒకరిది చర్చి, ఒకరిది గుడి. అయినా ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు. ఊళ్ళోకి కొత్త మోడల్ కారు ఏది వచ్చినా షెడ్డు కట్టేసి ఇద్దరూ చూడ్డానికి పోయేవారు. అందులో వాళ్ళకో పద్ధతి ఉండేది.

కారు ముక్కు దగ్గర ఇద్దరూ విడిపోవాలి. టిమోతిది ఎడం పక్క, శ్రీరామ్మూర్తిది కుడి పక్క. మాట్లాడకుండా, ఎవరి పక్క వాళ్ళు చూసుకుంటూ నడిచి డిక్కీ దగ్గర కలుసుకోవాలి. అక్కడ చెరో మాట చెప్పాలి. చూడగానే ఏమనిపించిందో ఆ మొదటి మాట. ఆ తర్వాత పోట్లాట. ఒకసారి బొద్దుగా ఉన్న చిన్న కారుని చూసి టిమోతి, "పొదిగిన కోడిపెట్టలాగుంది బావా" అన్నాడు. "కాదు. పెళ్ళిలో దొంగలించి కొంగుకింద దాసుకున్న తపేలాలాగుంది" అన్నాడు శ్రీరామ్మూర్తి. కోడిపెట్టా తపేలానా అని వారం రోజులు కొట్టుకున్నారు. ఏ కారు విషయంలోనూ ఇద్దరూ ఒక్క మాట మీదికి వచ్చింది లేదు. రెండో పక్కకి వెళ్ళి సరిచూసుకున్నదీ లేదు. అవతలి పక్క అవతలివాడిది.

తర్వాత సొట్టలు తీయించుకునేవాళ్ళు తగ్గిపోయారు. రేకు నొక్కుకుపోతే దాన్ని విప్పి పారేసి కొత్తది బిగించడమే పద్ధతయింది. శ్రీరామ్మూర్తికి ఇంట్లో భార్య గౌరీశ్వరి, చదువుకుంటున్న కూతురు. హైవే మీద పెద్ద షోరూం వెనకున్న బాడీషాపులో కాంట్రాక్టు మీద చేరతానన్నాడు.

"సుత్తి పట్టిన సేత్తో పార్టులు మారుత్తావా?" అన్నాడు టిమోతి.

"నీకేటి బావా, ఇంట్లో అడిగే పిల్లాపాపా లేరు. పౌరుషం తినీసి బతికీగలవు," అన్నాడు శ్రీరామ్మూర్తి.

టిమోతి, ఫ్లోరెన్సు దంపతులకి పిల్లలు లేరు. ఆ మాట ఇద్దరి మధ్యా గోడ కట్టేసింది. ఒకడు ఫోను చేస్తాడని ఒకడు చూశాడు, అంతే. నాలుగేళ్ళ కిందట ఫ్లోరెన్సు చనిపోయినప్పుడు శ్రీరామ్మూర్తి వచ్చాడు. సమాధుల తోట గోడ దగ్గరే నిలబడి, మట్టి వేయడం అయిపోగానే వెళ్ళిపోయాడు. టిమోతి చూశాడు. పిలవలేదు. ఆ రాత్రి నుంచి గదిలో రేడియో ఒక్కటే మాట్లాడుతోంది.

మరి ఇప్పుడెందుకు ఈ తెల్ల చొక్కా? గాజువాకలో హోర్డింగు మీద కొత్త కారు బొమ్మ చూశాడు. విదేశీ కంపెనీది, వేగం కోసమే తయారుచేసిన సెడాన్. బొమ్మ కింద షోరూం పేరు ఉంది. శ్రీరామ్మూర్తి పనిచేసే షోరూమే. కారు అతని గుమ్మంలోకే వచ్చిందన్నమాట. మధ్యాహ్నం అన్నాల వేళ ముందుకొచ్చి చూడకుండా ఉంటాడా? తను ఎడం పక్కనుంచి వెళితే, డిక్కీ దగ్గర కలుస్తాడు. ఎవరూ ఎవరినీ క్షమించమని అడగక్కర్లేదు. మొదటి మాట చెప్పుకుంటే చాలు, పోట్లాట దానంతటదే మొదలవుతుంది.

షోరూం వాచ్‌మన్ అతని చెప్పులకేసి చూసి, చొక్కాకేసి చూసి, చొక్కాకి మార్కులేసి లోపలికి వదిలాడు. బయట పోర్టు బొగ్గు నుసి ఊరందరి కిటికీల మీదా పడుతుంది గానీ, ఆ అద్దాల మీద మాత్రం పడగానే తుడవడానికి మనుషులున్నారు. నడిమధ్యన, తాళ్ళు కట్టిన స్తంభాల మధ్య, దీపాల కింద ఉంది కారు.

టిమోతి ముక్కు దగ్గర నిలబడ్డాడు. కుడి పక్కకేసి చూడకుండా తల కొంచెం పక్కకి తిప్పుకుని, నడక మొదలుపెట్టాడు.

రంగు బూడిద అందామంటే బూడిద కాదు. వాన వెలిశాక తారురోడ్డు మీద మిగిలే నీలం. ముందు భాగం నేలకి వంగి ఉంది. నోరుండాల్సిన చోట నల్లటి పెద్ద జాలీ. దాని కొసన పక్కగా ఇంకో చిన్న జాలీ. వంగి చూస్తే అది ఉత్తుత్తిదే, వెనక గాలి పోయే దారి లేదు. లైటు సన్నగా, కనుబొమ కిందికి నొక్కి పెట్టినట్టు ఉంది. టిమోతి పనిలో చేరిన రోజుల్లో కార్లకి గుండ్రటి కళ్ళుండేవి. ఎప్పుడూ రోడ్డుని చూసి ఆశ్చర్యపోతున్నట్టు కనిపించేవి. ఈ కన్ను దేనికీ ఆశ్చర్యపోదు.

ముందు చక్రం మీద రేకు కండ పట్టి ఉబ్బింది. ఆ ఉబ్బు నుంచి ఒక మడత కత్తి అంచులా లేచి, తలుపుల మీదుగా పరిగెత్తి, వెనక చక్రం మీద ఇంకో ఉబ్బులో కలిసిపోయింది. అక్కడ సొట్ట పడితే ఎక్కడ మొదలుపెట్టాలో అతనికి తోచలేదు. చెయ్యి దానంతటదే తాడు దాటబోయి ఆగింది. పైకప్పు జారిజారి డిక్కీలో దిగిపోయింది. వెనక కూర్చునేవాడి తల గురించి ఎవరికీ దిగులున్నట్టు లేదు.

"తలుపుకి పిడి లేదేటమ్మా?" అని అడిగాడు, దగ్గరికొచ్చిన సేల్స్ అమ్మాయిని. కోటు మీద ఫెబా అని పేరుంది.

"లోపలికి ఉంటుంది అంకుల్. ఓనర్ దగ్గరికొస్తే దానంతటదే బయటికొస్తుంది."

"అంటే మనమొస్తే రాదు."

"నేను రోజూ తుడిపిస్తన్నాను, నాకే రాలేదు," అని నవ్వింది ఫెబా. ఎత్తు మడమల బూట్లలో ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ ఉంది. పొద్దుటి నుంచి నిలబడే ఉన్నట్టుంది.

డిక్కీ దగ్గరికొచ్చి ఆగాడు. వెనకంతా ఒకటే ఎర్ర దీపపు గీత. దాని కింద లావుపాటి పొగగొట్టాలు. సరిగ్గా మధ్యలో, నంబరు ప్లేటు ఎదురుగా నిలబడి, కుడి పక్క నుంచి రావలసిన మనిషి కోసం చూశాడు. ఎవరో కుర్రజంట ఫోటో దిగి వెళ్ళారు.

ఫెబా ట్యాబ్ పట్టుకుని మళ్ళీ వచ్చింది. "అంకుల్, చూడగానే ఏమనిపించిందో ఒక్క మాట చెప్తారా? కంపెనీకి పంపాలి."

"సెప్తానమ్మా. ఇంకో మనిషి రావాలి."

"ఆంటీ వస్తారా?"

"కాదు. మా బావ. కుడి పక్క ఆడిది," అన్నాడు.

ఫెబాకి అర్థం కాలేదు. అతను తమ పద్ధతి చెప్పాడు, నవ్వుతూనే. విని ఆమె కూడా నవ్వింది. "రెండు పక్కలా ఒకేలా ఉంటుంది కదా అంకుల్!"

"ఉంటాది. సూసేవోడు ఒకడు కాదు గదా."

సోఫాలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. అన్నాల వేళయింది. అన్నాల వేళ దాటింది. వెనక్కి వెళ్ళే గాజు తలుపు తెరుచుకున్నప్పుడల్లా టిమోతి లేచి నిలబడ్డాడు. కోట్లవాళ్ళే వచ్చారు, కోట్లవాళ్ళే వెళ్ళారు. తనని అద్దంలోంచి చూసి వెనక్కి పోయి ఉంటాడా? గోడ దగ్గర నిలబడి వెళ్ళిపోయినట్టే ఇప్పుడూ పోయాడా?

చివరికి అడిగేశాడు. "వెనక బాడీషాపులో శ్రీరామ్మూర్తని ఉన్నాడమ్మా. కారు సూడ్డానికి రాలేదా?"

ఫెబా గొంతు తగ్గించింది. "వర్క్‌షాప్ వాళ్ళని ముందుకి రానివ్వరు అంకుల్. బట్టలకి గ్రీజు ఉంటుంది కదా, కస్టమర్లుంటారని. మొన్న లారీలోంచి దింపింది వాళ్ళే. కవరు తియ్యకుండా ఇక్కడిదాకా తోసి, వెళ్ళిపోయారు."

ఇందులో ఆశ్చర్యపడాల్సింది ఏమీ లేదు. ఈ ఊళ్ళో మేడలు కట్టిన కూలీలు గృహప్రవేశానికి ముందురోజే ఖాళీ చేస్తారు. ఓడల్లో సరుకు దించినవాళ్ళు ఆ సరుకుని మళ్ళీ కొట్టు అద్దంలోంచి చూస్తారు. రేపు ఈ కారు గుద్దుకుంటే దాని కింద పడుకోవలసినవాడికి, ఈరోజు దాన్ని నిలబడి చూసే అర్హత లేదు. గ్రీజు మరక కారణమట. ఆ గ్రీజు ఏ కారుదో ఎవరూ అడగరు.

టిమోతి లేచాడు. ప్రహరీ గోడ చుట్టూ నడిచి వెనక గేటుకి వెళ్ళాడు. కాపలా ఉన్నతన్ని బతిమాలి కబురు పెట్టించాడు. ఊచల అవతలికి శ్రీరామ్మూర్తి వచ్చాడు. నీలం యూనిఫాం భుజాల దగ్గర వదులై వేలాడుతోంది. జుట్టంతా తెల్లబడిపోయింది. ఇద్దరూ చూసుకున్నారు.

"ఏటిలాగొచ్చేవు?"

"కారు సూడ్డానికొచ్చేను."

"సూసేవా?"

"ఎడం పక్క సూసేను."

శ్రీరామ్మూర్తి ఊచల మీద చెయ్యి వేశాడు. గోళ్ళ చుట్టూ నలుపు. "మరి కుడి పక్క?"

"నీది గదేటి."

నవ్వినట్టు అతని పెదవి కదిలింది. "నాకు పక్కలేటి బావా ఇప్పుడు. ఏ పక్క దెబ్బ తగిల్తే ఆ పక్కే నా కాడికొస్తాది. దాన్ని విప్పి మూల పడేయడం, కొత్తది బిగించడం. కారు మొకం ఎలాగుందో సూసి ఎన్నాళ్ళయిందో."

"ఒక్కసారి కవరు లేపి సూడాల్సింది."

"కెమెరాలు," అన్నాడు శ్రీరామ్మూర్తి, గోడ మీదికి చూపిస్తూ. "మా పిల్ల బాగుంది. తగరపువలసలో టీచరమ్మ. ఫ్లోరెన్సమ్మ పోయినప్పుడు వచ్చేను నాను."

"సూసేను."

"పిలుత్తావేమోనని నిలబడ్డాను."

లోపలినుంచి సూపర్‌వైజరు కేకేశాడు, "శ్రీరామ్మూర్తీ! ఆ బంపరు ఎవడు బిగిస్తాడు?" కేకేసిన గొంతు వయసు, వినిపించుకున్నవాడి అనుభవంలో సగం కూడా ఉండదు.

"వస్తన్నా సార్!" గేటు మీంచి చెయ్యి తీశాడు. "ఎలాగుందో సెప్పు, ఏగంగా. మొదటి మాట."

"ఇద్దరం కలిసి గదా సెప్పాల."

"నాను సూడందే ఏటి సెప్పను బావా?"

తిరిగి నడవడం మొదలుపెట్టాడు. కొంచెం వంగి నడుస్తున్నాడు, ఎడం కాలు లాగుతూ. ఆ కాలు ఎప్పటి నుంచి అలా ఉందో టిమోతికి తెలియదు. పద్ధతిదేముంది, ఇక ఆగితే మనిషే లోపలికి పోతాడు. ఊచల్లో మొహం పెట్టి అరిచాడు:

"దానికి కోపమెక్కువ బావా! రోడ్డు మీద నడిసిపోయేవోళ్ళ మీద కోపం! వెనకాల నుంచి కూడా అలాగే ఉంది!"

శ్రీరామ్మూర్తి ఆగాడు. టిమోతి ఊచలు గట్టిగా పట్టుకున్నాడు. ఇప్పుడు తిరుగుతాడు. "కోపమేటి, నీ మొకం," అంటాడు. "ఆకలేసిన మొకాన్ని పట్టుకుని కోపమంటావేటి" అంటాడు. ఏదో ఒకటి కాదంటాడు. సూపర్‌వైజరు మళ్ళీ అరిచేదాకా కొట్టుకుంటారు. రేపు చర్చి అయ్యాక ఫోనులో మళ్ళీ కొట్టుకుంటారు.

"అయ్యుంటాదిలే," అన్నాడు శ్రీరామ్మూర్తి, తిరక్కుండానే. "నువ్వు సూసేవు గదా."

షట్టరు కిందినుంచి వంగి లోపలికి వెళ్ళిపోయాడు.

టిమోతి అక్కడే నిలబడ్డాడు. అంతకాలం కలిసి పనిచేసినా శ్రీరామ్మూర్తి ఒక్క కారు విషయంలోనూ సరేననలేదు. గేటు దగ్గరివాడు కుర్చీలోంచి అడిగాడు, "ఇంకెవరినైనా పిలవాలా పెద్దాయనా?"

"ఒద్దు నాయనా."

హైవే పక్కన బస్టాపు వైపు నడుస్తూ, తన మాటకి తనే ఎదురు చెప్పడానికి ప్రయత్నించాడు. కోపం కాదేమో. ఎవరైనా తాకుతారేమోనని భయమేమో, అందుకే పిడి కూడా లోపలికి లాక్కుంది. ఈ మాట కాస్త బాగానే ఉంది. శ్రీరామ్మూర్తి అయితే ఇంకా బాగా చెప్పేవాడు.