ఇంజను ఆపి మరిగించిన నీళ్లు

ఆ కెటిల్ పెట్టింది నేను. విచారణలో అడిగినప్పుడు ఆ మాట చెప్పలేదు. ఖాజా వైపు చూసి ఊరుకున్నాను.

మంచుకొండల మీది ఆ సైనిక పోస్టుకు నవంబరులో చేరాను. చెట్టు లేదు. రాయి, గాలి, మంచు. రేకుల బంకరు. నేను అంబులెన్సు జీపు డ్రైవరును, మాది నకరికల్లు. నర్సింగ్ అసిస్టెంటు ఖాజాది కారంపూడి. నా యాస వినగానే చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, ఈ రొట్టెల మజ్జెన పచ్చడి మెతుకులు తినేవోడు ఒక్కడన్నా వచ్చాడు!"

జనవరిలో జనరేటరు చెడింది. ఆక్సిజన్ సిలిండర్లు ఖాళీ అయి కిందికి పోయాయి. ఇక మిగిలింది కరెంటుతో నడిచే ఆక్సిజన్ యంత్రం. దాన్ని జీపు బ్యాటరీకి బిగించిన ఇన్వర్టరు మీద నడపాలని ఆర్డరు. ఇంజను నడుస్తుండగానే వాడాలి. ఇంకేదీ తగిలించకూడదు.

నాకది అతిజాగ్రత్త అనిపించింది. మా ఊళ్లో ఎన్నికలప్పుడు ప్రచారం జీపు ఆపేసి, దాని బ్యాటరీ మీదే గంటల తరబడి మైకు మోగించేవాళ్లం. సెల్ఫు కొడితే లేచేది. ఎండల్లో నేర్చిన ఆ లెక్కనే మంచులోకి మోసుకెళ్లాను.

ఒక సాయంత్రం నా పాదాలు కొయ్యబారాయి. డీజిలు మిగులుతుందని ఇంజను ఆపి, ఖాజా కరెంటు కెటిల్‌ను ఇన్వర్టరుకు తగిలించాను. బ్యాటరీ తగ్గుతోందని ఇన్వర్టరు కుయ్యిమని హెచ్చరించింది. ప్లగ్గు తీసి, కాసేపాగి మళ్లీ పెట్టాను. వేడినీళ్లలో కాళ్లు పెడితే ప్రాణం లేచొచ్చింది. కెటిల్ అక్కడే వదిలేశాను.

తెల్లారాక మా పోస్టు వంటవాడు ఎగశ్వాసతో కూలబడ్డాడు. పెదాలు నీలం. నోట నురగ.

"ఊపిరితిత్తుల్లోకి నీరొచ్చింది. బండి స్టార్ట్ చెయ్ బావా!" ఖాజా అరిచాడు.

తాళం తిప్పాను. టిక్కుమంది. మళ్లీ తిప్పాను. అదీ లేదు.

"ఏందిరా?"

"బ్యాటరీ పడిపోయింది."

"నిన్న బానే ఉంది గదరా!"

నేను దిగి బండి వెనక్కి వెళ్లాను. తోశాం. మంచులో చక్రం కదల్లేదు. రేడియోలో కింది క్యాంపు పలికింది: "బండి వస్తోంది. దారి మంచుతో మూసుకుంది, ఆలస్యమవుతుంది. అప్పటిదాకా ప్రాణం నిలబెట్టండి."

ఖాజా మాస్కు బిగించి, చేత్తో గాలిసంచి నొక్కడం మొదలుపెట్టాడు. నేను నొక్కుతానంటే ఇవ్వలేదు.

"నువ్వు నీ బండి సంగతి చూడు!"

బానెట్ ఎత్తి నిలబడ్డాను. చేయడానికేమీ లేదు.

బండి మధ్యాహ్నానికి వచ్చింది. వంటవాడు పోయి అప్పటికే చాలాసేపైంది. ఖాజా ఇంకా నొక్కుతూనే ఉన్నాడు. బిగుసుకుపోయిన అతని వేళ్లను నేనే ఒక్కొక్కటిగా విడదీశాను. కళ్లు మూస్తే ఈనాటికీ ఆ వేళ్లే.

సామాన్ల మీద పేర్లు రాసుకోవడం పటాలంలో అలవాటు. ఇన్వర్టరు పక్కన దొరికిన కెటిల్ మీద ఖాజా పేరుంది. తాను పెట్టలేదన్నాడు. ఎవరూ నమ్మలేదు. శిక్ష పడింది. ఉద్యోగం వదిలేసి వెళ్లిపోయాడు. నేను సర్వీసు ముగించి నరసరావుపేటలో దిగితే మా ఊరివాళ్లు దండలు వేశారు.

నిరుడు కారంపూడి వెళ్లాను. ఖాజా ఆటో నడుపుతున్నాడు. పక్కకు పిలిచి నిజం చెప్పాను.

"నేను పెట్టలేదని నాకు తెలవదా? ఆ బండి కాడ ఉండేది మనిద్దరమే, మిగిలింది నువ్వేనని తెలవదా?" అన్నాడు. "మనిషిని చంపొచ్చినోడని నన్నంటంది ఈ ఊరు. చాటున చెప్తే నాకేం ఒరిగిద్ది? ఆళ్లకి చెప్పు."

ఆటోస్టాండులో అందరూ మావైపే చూస్తున్నారు. వాళ్ల మధ్యకు వెళ్లాను. చేతులు జోడించాను.

"ఆ మనిషి పోయింది నా వల్ల. ఖాజా ఆఖరుదాకా బతికించాలనే చూశాడు. నింద అతని మీద పడుతుంటే నేను నోరు మూసుకున్నాను. ఖాజా, మీ అందరి ముందే అడుగుతున్నాను, నన్ను క్షమించు."