పడమటి జల్లెడ గోడ

మా నాయన తాపీ మేస్త్రి. వడమాలపేట చుట్టుపక్కల ఆయన చేయి పడని ఇల్లు తక్కువ. నేను పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, తిరుపతిలో ఒక ఆర్కిటెక్ట్ దగ్గర ప్లాన్లు గీసే పనిలో చేరాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. ఇద్దరిదీ కట్టడాల పనే అయినా, నేను గీసింది ఆయన కట్టడం ఒక్కసారే జరిగింది.

ఒక కంప్యూటర్ కంపెనీ తిరుపతి ఊరి చివర మూడంతస్తుల ఆఫీసు కట్టాలనుకుంది. స్థలం పడమటి ముఖం. మధ్యాహ్నం రెండు దాటిందంటే ఎండ నేరుగా లోపలికి దూరుతుంది. ఏసీలు వీలైనంత తక్కువ ఉండాలని, పగలు లైట్లు వేసే అవసరం రాకూడదని యజమాని పట్టుబట్టాడు. అప్పట్లో తిరుపతిలో అలా అడిగేవాళ్లు లేరు. మా సారు నాలుగు రోజులు తల పట్టుకున్నాడు. అసలు గోడకు మూరెడు దూరంలో, కన్నాలు వదులుతూ ఇంకో ఇటుక గోడ లేపితే ఎండ దాని దగ్గరే ఆగిపోతుందని, గాలి మాత్రం లోపలికి వస్తుందని నేను భయపడుతూనే చెప్పాను. పశువుల కొట్టాలకు మా నాయన అలాంటివి కట్టడం చిన్నప్పటి నుంచీ చూశాను. ఆయన దాన్ని జల్లెడ గోడ అనేవాడు.

"కట్టేవాళ్లు ఉన్నారా?" అన్నాడు సారు.

"మా నాయన ఉన్నాడు సార్."

నాయన సంచిలో తాపీ, రసమట్టం వేసుకుని మొదటి బస్సుకే వచ్చాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు కానీ గీతలూ అంకెలూ బాగా చదువుతాడు. నా ప్లాను ఇసుకలో పరిచి, ఎగిరిపోకుండా మూలకొక ఇటుక పెట్టి, దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. తర్వాత నేల మీదనే ఇటుకలు నాలుగు వరసలు పేర్చి చూపించాడు.

"పాపా, ఈ కన్నం పెద్దదయిందిమ్మా. మూడు గంటల ఎండ సక్కగా దూరి మనిషి మొగాన కొడతాది. ఇటుకను రోంత ఓరగా తిప్పి సూడు."

ఆ ప్లాను మూడుసార్లు మార్చి గీశాను. కూలీలు వినేటట్టు నన్ను "మేడమ్" అని పిలిచేవాడు. సగం వేళాకోళం, సగం గర్వం.

గోడ పూర్తయ్యాక వచ్చిన మొదటి ఎండాకాలం మేమిద్దరం ఆ ఆఫీసుకు వెళ్లాం. రెండో అంతస్తులో పనిచేసే అమ్మాయిలు కాగితాలు ఎగరకుండా వాటి మీద టిఫిన్ బాక్సులు పెట్టుకుని ఉన్నారు. నాయన కన్నం దగ్గర అరచేయి పెట్టి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. "వస్తా ఉండాది సూడు" అన్నాడు. అంతే. ఆ తర్వాత తిరుపతికి ఏ పని మీద వచ్చినా రెండు స్టాపులు ముందుకు పోయి దిగి, ఆ గోడను చూసి వెనక్కి నడిచొచ్చేవాడట. ఆ మాట అమ్మ చెప్పింది, ఆయన చెప్పలేదు.

మూడేళ్లకు కంపెనీ చేతులు మారింది. కొత్తవాళ్లు వచ్చి చూసి, ఇది ఆఫీసులా లేదు, గోడౌనులా ఉందన్నారు. దుమ్ము వస్తోందన్నారు, పావురాలు గూళ్లు పెడుతున్నాయన్నారు. అవి రెండూ నిజమే. వలలు కట్టి, వారానికోసారి కడిగితే సరిపోయేది. వాళ్లకు మాత్రం ముందంతా అద్దం కావాలి. మా సారు సరేనన్నాడు. ఆ ప్లాను నన్నే గీయమన్నాడు.

గీశాను. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఉద్యోగం పోతుందన్న భయం కూడా కాదు, ఎందుకో ఆ రోజు నోరు పెగల్లేదు. తర్వాత ఐదారు ఆదివారాలు ఇంటికి వెళ్లాను. ప్రతిసారీ నాయనతో చెబుదామనుకుని, అన్నం తిని తిరిగొచ్చేశాను.

గోడ పడగొట్టే పని తీసుకున్న కాంట్రాక్టరు నేరుగా మా ఇంటికే వెళ్లాడు, కట్టినవాడైతే సులువుగా విప్పుతాడని. ప్లాను కూడా చూపించాడట. ఆ ఆదివారం నేను వెళ్లేసరికి నాయన వసారాలో కూర్చుని ఉన్నాడు.

"నువ్వే గీసినావా?"

"ఎవరు చెప్పినారు నాయనా?"

"ఎవురూ సెప్పలేదు. ఏడు అంకెకు నడుమ అడ్డగీత నువ్వే గదా వేసేది. నేనే నేర్పిస్తి."

తల దించుకున్నాను. "ముందే సెప్పుంటే బాగుండునుమ్మా" అన్నాడు.

"చెప్పుంటే ఏం చేసేవాడివి?"

"ఏం సేస్తాను? తీసేదానికి ముందు పోయి ఒకసారి సూసుకోని వస్తా ఉంటి."

అమ్మ వద్దన్నా వినకుండా ఆ పనికి ఒప్పుకున్నాడు. "వేరేవోడు గడ్డపారతో పొడిస్తే నేను సూడలేను. నేనే తీస్తా."

పరంజా కట్టించి పైవరస నుంచి మొదలుపెట్టాడు. సిమెంటు కాకుండా సున్నంతో కట్టాడు కాబట్టి తాపీ అంచుతో తడితే ఇటుక ఊడి వచ్చేది. మూడో రోజు నేను వెళ్లేసరికి కింద ఇటుకలు నూరు చొప్పున దొంతర్లుగా ఉన్నాయి. ఒక్కటీ విరగలేదు. చున్నీ నడుముకు బిగించి నేనూ అందుకోబోయాను. "దుమ్ము మేడమ్, మీరు ఆఫీసుకు పోండి" అన్నాడు. ఈసారి వేళాకోళం లేదు. చుట్టూ కూలీలు కూడా లేరు.

ఆ ఇటుకలతో ఊళ్లో ఎవరిదైనా ఇంటి గోడ లేస్తుందని ఆయన ఆశ. కానీ వారం తర్వాత ఏసీ యంత్రాలకు దిమ్మె కట్టడానికి గుంత తవ్వి, ఆ ఇటుకలనే సుత్తెలతో ముక్కలు చేసి అందులో పోశారు. మిగిలిన సామాను తీసుకుపోదామని వచ్చిన నాయన ఆ గుంత గట్టు మీద నిలబడిపోయాడు. కబురు తెలిసి నేను మా సారు ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చాను.

"ఒక్కటి గూడా ఇరక్కుండా తీసినానేమ్మా" అన్నాడు. అదే మాట బస్టాండు దాకా నాలుగుసార్లు అన్నాడు. ఎన్నో పెళ్లిళ్లలో, చావుల్లో ఆయన పక్కన కూర్చున్నాను కానీ, ఆయన ఒకే మాట అన్నిసార్లు అనడం ఎప్పుడూ వినలేదు.

అద్దాల ముఖం వచ్చింది. ఒకసారి మీటింగుకని లోపలికి వెళ్లాను. ఎండ పడకుండా అద్దాలకు లోపలంతా తెరలు దించి ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం లైట్లు వెలుగుతున్నాయి. నా పక్కన కూర్చున్నామె చలికి శాలువా కప్పుకుంది.

నాయన నన్ను ఏనాడూ తిట్టలేదు. బాగానే మాట్లాడేవాడు. బస్సెక్కించేవాడు. నా పని గురించి మాత్రం అడగడం మానేశాడు. ఇంకో నాలుగేళ్లకు జబ్బుపడి మంచం మీద ఉన్నప్పుడు, ఒక చిన్న బడికి గీసిన ప్లాను తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను. పడమటి వైపు జల్లెడ గోడ గీశాను. ఇటుకకు ఓర ఎంత పెట్టాలో నిజంగానే నాకు అర్థం కాలేదు, ఆయనే చెబుతాడనుకున్నాను.

వెలుతురుకు పట్టి చూశాడు. వేలితో ఒక వరస వెంబడి పోయాడు.

"బాగుండాది" అని మడిచి తిరిగిచ్చాడు. "కట్టేవోళ్లు యాడ దొరుకుతారో సూసుకోమ్మా."

ఆ వానాకాలంలోనే పోయాడు. బడికి మామూలు గోడే కట్టారు. కిటికీలకు పచ్చ గుడ్డ కర్టెన్లు వేశారు. నేను మళ్లీ జల్లెడ గోడ గీయలేదు.