దండ లేని పోస్టర్

సికింద్రాబాద్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో పక్కనున్న యువకుడు తను తీసిన వెబ్ సిరీస్ కొత్త ఎపిసోడ్ పోస్టర్ ఫోన్‌లో చూపించాడు. అందులో దండ వేసిన ఫొటోలో నవ్వుతున్న హీరో అతని స్నేహితుడట, పోయిన నెల చనిపోయాడట.

"ఇట్లనే ఫొటోకు దండేసి, 'ఆఖరి ఎపిసోడ్' అని పెట్టమంటున్నరు సార్ మా టీమోళ్ళు. గట్లయితేనే జనం షేర్ చేస్తరంట. లేకుంటే ఎవ్వరు చూడరు."

"ఇది ఆ అబ్బాయి వాళ్ళమ్మ చూస్తుందా?" అన్నాను.

అతను ఫోన్ తన వైపు తిప్పుకున్నాడు. పోస్టర్ మీది దండ తీసేసి, ఎపిసోడ్ నంబరు మాత్రం ఉంచి అప్‌లోడ్ చేశాడు.

"మావోడు కామెడీ మస్తు చేసిండు సార్. మీరన్నా చూడండి."

రైల్లో చూశాను. టిఫిన్ సెంటర్లో రెండోసారి చట్నీ కోసం ఆ హీరో పడే తిప్పలు చూసి, మా ఆవిడ పోయాక మొదటిసారి నవ్వాను. షేర్ నొక్కాను. ఎవరికి పంపాలో తోచక ఫోన్ జేబులో పెట్టుకున్నాను.