కమాన్ కట్టనివ్వని మేడం

మా హైస్కూలు పెద్ద మేడం పోయారన్న కబురు నాకు తాండూరులో, బండలు కోసే మిషన్ మోతలో అందింది. ఫోన్లో ఆమె బిడ్డ ఏడుస్తూ చెబుతుంటే వినపడక "గట్టిగ చెప్పమ్మా" అన్నాను. పాపం, మళ్లీ చెప్పింది. మిషన్ ఆపించాను. 

నేను బండలు పరిచే మేస్త్రీని. ఏడో తరగతి తప్పినవాణ్ణి. యాలాల్ పక్కన మా ఊరి బడిలో నేను చదివింది తక్కువ, పరిచింది ఎక్కువ. తాను రిటైరయ్యేదాకా అక్కడ నా పనిని తిట్టిందీ, నా నోటిని భరించిందీ ఆమే.

చాక్‌పీసును విరిచి చూసిగానీ కొనేవారు కాదు. పొద్దున ప్రార్థనలో వార్తలు చదవడం అన్ని బళ్లలో ఉన్నదే. ఆమె బడిలో వార్తల తర్వాత ఖర్చు చదవాలి. నిన్న బడి పైసలతో ఏం కొన్నారో, ఎవరి దగ్గర కొన్నారో ఒక పిల్ల గట్టిగా చదివేది. చీపురును కూడా వదిలేవారు కాదు. ఒకసారి ఆటపట్టిద్దామని నా బిల్లులో ఇసుక, సిమెంటు కింద "మేస్త్రీ మంచితనం" అని రాసి దానికీ ధర వేశాను. మర్నాడు ప్రార్థనలో వినిపించింది: "మేస్త్రీ మంచితనం. సరుకు అందలేదు. పైసలు ఇవ్వలేదు." చాలా రోజులు ఊళ్లో ఎదురైన ప్రతి పోరడూ "అందిందా మేస్త్రీ?" అని అడిగేవాడు.

ఆ బడిలో ఆడపిల్లలకు మరుగుదొడ్లు ఉండేవి, తాళంతో సహా. ఎప్పుడో కట్టడానికి పైసలు వచ్చాయి. నీళ్లకూ, కడగడానికీ ఎవరూ తీసిపెట్టలేదు. అవి పాడుపడి విరిగిన బెంచీలకు ఇల్లయ్యాయి. తొమ్మిది, పది చదివే పిల్లలు ఇంటికి చేరేదాకా చుక్క నీళ్లు తాగేవారు కాదు. తాగితే ఎక్కడికి పోతారు? నా బిడ్డ ఒక మధ్యాహ్నం కళ్లు తిరిగి పడింది. మేడం ఒళ్లో పెట్టుకుని నీళ్లు పట్టబోతే పెదాలు బిగబట్టిందట. ఆ సంగతి మేడమే నాకు చెప్పారు.

ఆ ఏడు గ్రాంటు వచ్చింది. దాంతో మరుగుదొడ్లు బాగుచేయించి నీళ్లు పెట్టించాలని మేడం పట్టు. మార్చి ఆఖరుకు వాడకపోతే వాపసు పోతుంది. చెక్కు మీద మేడంతోపాటు బడి కమిటీ చైర్మన్ సంతకం కూడా ఉండాలి. ఆయన మా ఊరి పటేలు. ఆయనకేమో గేటు ముందు తోరణంలా నిలిచే కమాన్ కావాలి, దాని మీద వాళ్ల నాయన పేరు కావాలి.

"కమాన్ లేంది బడెట్లయితది మేడం? ముందుగాల కమాన్ కట్టుండ్రి, సంతకం పెడ్త."

"మంచిదే పటేలా. గా ముచ్చట రేపు ప్రార్థనల పిల్లలకు మీరే చెప్పుండ్రి."

పటేలు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి మరీ చెప్పాడు. పదో తరగతి పిల్ల ఒకతి చెయ్యెత్తింది.

"సార్, కమాన్‌కు నల్లా ఉంటదా?"

గోడ పక్కన ఉన్న నాకు నోరాగలేదు. "ఉంటది బిడ్డా, వాన పడ్డప్పుడు."

మేడం నన్ను చూసిన చూపుకు బండ కూడా పగిలేదే. పిల్లలు మాత్రం నవ్వలేదు. ఆడపిల్లల వరుస మొత్తం జవాబు కోసం పటేలు మొహం చూస్తూ నిలబడింది. ఆయన జేబులోంచి పెన్ను తీసి, "ఏడ పెట్టాల్నో చెప్పుండ్రి సంతకం" అన్నాడు.

మరుగుదొడ్లలో నేను నున్నటి బండలు వేస్తానన్నాను.

"పిల్లలు జారిపడేటందుకా? గరుకుయే వెయ్యి తమ్మీ. మిగిలినదాంట్ల మోటరు, ట్యాంకు ఇప్పుడే కొంట. కడిగే ఆమె జీతం ఏటా బడి పైసల్ల ముందుగాల తీస్త, చాక్‌పీసులు తర్వాత."

"పాలిష్ లేకుంటే నా పేరు ఖరాబైతది మేడం."

"నీ పేరు ఇంకెంత ఖరాబైతది?"

"కట్టేనాడే కడిగే ఖర్చు తియ్యాలె" అనేవారు మేడం. ఇప్పుడు నేను ఎవరింట్లో పనికి ఒప్పుకున్నా ఆ మాట అనకుండా రాను. జనం నన్ను తెలివైనవాణ్ణి అనుకుంటున్నారు. నేను కాదనడం లేదు.

వికారాబాదులో ఆమెను మట్టిలో పెట్టి వచ్చిన మర్నాడు, ఇంటర్వెల్ వేళకు బడి దగ్గర ఆగాను. ఎండ మండుతోంది. నల్లా దగ్గర ఆడపిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ దోసిళ్లు పడుతున్నారు. ఒక పిల్ల తాగి, మూతి తుడుచుకుని, మళ్లీ వంగింది. ముందుకు జారిన జడ కొస తడిసి నీళ్లు కారుతున్నాయి. వెనకున్న పిల్ల "ఇంకెంత తాగుతవే!" అని అరుస్తున్నా తలెత్తలేదు.