మగ్దలేనమ్మ బంద్ చేసిన స్విచ్చి

ఖాళీ గదిలో ఫ్యాను తిరిగితే మగ్దలేనమ్మకు ఒళ్లు మండుతుంది. తన ఇంట్లోనే కాదు, పక్కింట్లో అయినా సరే. కరీంనగర్‌లో యూనివర్సిటీ వాళ్ల భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రంలో ఊడ్చే పనికి చేరాక సార్లకూ సుద్దులు మొదలుపెట్టింది. "గింత సదువుకున్నోళ్లు, లైటు బంద్ చేసుడు తెల్వదా?" అనేది. వాళ్లు నవ్వి ఊరుకునేవాళ్లు.

ఆ శనివారం సాయంత్రం ఒక ల్యాబు తుడిచి, పోతూపోతూ గోడ మీది స్విచ్చులన్నీ టకటకా నొక్కేసింది. మూలనున్న కరెంటు కొలిమి స్విచ్చు కూడా వాటిలోనే ఉంది. ఆ కొలిమిలో రేవతి అనే లక్సెట్టిపేట పిల్ల, నెలల తరబడి వేడిని కొద్దికొద్దిగా తగ్గిస్తూ, తన పరిశోధన కోసం ఒక స్ఫటికాన్ని పెంచుతోంది. వేడి ఒక్కసారిగా పడిపోతే అది పగిలిపోతుంది. పగిలిపోయింది. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే మరి.

సోమవారం ప్రొఫెసరు రేవతిని అందరి ముందూ కడిగేశాడు.

"స్విచ్చు ఆపేసి ఇంటికి పోతివా? ఇన్ని నెలల పని మట్టిపాలు! నీలాంటోళ్లకు ఇక్కడ సీటెందుకు?"

వరండాలో తడిగుడ్డ పట్టుకుని మగ్దలేనమ్మ అంతా విన్నది. సార్లకే సుద్దులు చెప్పే మనిషి తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనలేదు. నోరు తెరిస్తే తన కొలువు పోతుంది. ఛీ, ఇదేం బతుకు అనుకుంది, అయినా తెరవలేదు.

మధ్యాహ్నం చెప్పేద్దామనే వెళ్లింది. రేవతి మెట్ల మీద కూచుని ఏడుస్తోంది.

"అమ్మా, పరాకుల నేనే బంద్ చేసిన్నేమో. యాదికొస్తలేదు. మీరు ప్రార్థన చేస్తరు గదా, జర నా కోసం చెయ్యుండ్రి."

మగ్దలేనమ్మ ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టింది. చెప్పాల్సిన మాట మింగేసి ప్రార్థన అందుకుంది. ఎంత ధారగా చేసిందో! రేవతి కళ్లు తుడుచుకుని "ఆమెన్" అంది.

"మీ చెయ్యి పడ్డది, మనసు తేలికైందమ్మా."

మగ్దలేనమ్మకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, పాస్టరు అయ్యగారు మోకరించిన వాళ్ల చేతుల్లో రొట్టె పెట్టే ఆరాధన. ఎప్పుడూ అందరికంటే ముందు మోకరించే మనిషి ఇవాళ లేవలేదు. భర్త సమ్మయ్య మోచేత్తో పొడిచాడు.

"లే, అయ్యగారు సూస్తున్నరు. పానం బాగలేదా?"

"పానం బాగనే ఉన్నది. ల్యాబుల స్విచ్చి బంద్ చేసింది నేను. తిట్లు పడ్డది రేవతి. తెలిసి తెలిసి, గీ చెయ్యే ఆ పిల్ల తల మీద పెట్టి ప్రార్థన చేసిన. గిప్పుడు గీ చేతుల రొట్టె ఎట్ల పట్టాలె?"

ఆమె లేచి, గుమ్మం బయట విడిచిన చెప్పులు తొడుక్కుని, రేవతి ఉండే హాస్టలు దారి పట్టింది.