ఎవరి బోరింగు?

2003 జూన్‌లో నన్ను అనంతపురం జిల్లా కంప్యూటర్ విభాగానికి ప్రోగ్రామరుగా బదిలీ చేశారు. మా కేడరులో ప్రోగ్రామరంటే కింది నుంచి రెండో మెట్టు. పై మెట్టు సిస్టమ్స్ అనలిస్టుది. ఆ కుర్చీ ఖాళీగా ఉండేది కాబట్టి ఆ పని కూడా నా మీదే పడింది, ఆ గదిలోని ఏసీ మాత్రం నాకు దక్కలేదు. నేను పుట్టింది గోరంట్ల దగ్గర ఒక పల్లెలో. పదేళ్ళు హైదరాబాదులో ఉండి సొంత జిల్లాకు వచ్చినవాణ్ణి, ఇక్కడి సంగతులు నాకొకరు చెప్పాలా అనే గర్వం కాస్త ఎక్కువగానే ఉండేది.

నాకు అప్పగించిన మొదటి పని చేతిపంపుల ఫిర్యాదుల రిజిస్టరును వెబ్ అప్లికేషన్‌గా మార్చడం. అంతకుముందు పంపు చెడిపోతే మండలాఫీసులో అట్టపుస్తకంలో రాసేవారు. నెలకోసారి దాని నకలు జిల్లాకు వచ్చేది, ఈలోగా ఎండాకాలమే అయిపోయేది. కొత్త పద్ధతిలో మండలంలోని ఆపరేటరు కంప్యూటరు తెర మీద ఫారం నింపితే, ఆ వివరాలు టెలిఫోను తీగ మీదుగా జిల్లా సర్వరులోని డేటాబేస్‌కు చేరతాయి. రోజూ పొద్దున మేము రిపోర్టు అచ్చుతీసి పంపితే మెకానిక్కులు జీపులో బయల్దేరతారు.

డేటాబేస్ పట్టికల రూపకల్పనకు నాకు మూడు నెలలు పట్టింది. వాటి గురించి ఇప్పటికీ గర్వపడతాను. తెర మాత్రం ఒక్క మధ్యాహ్నంలో ముగించాను. పట్టికలో గడులు ఏ వరసలో ఉన్నాయో తెర మీద కూడా అదే వరసలో పెట్టేశాను. మొత్తం పదిహేడు గడులు. అందులో తొమ్మిదింటికి ఎర్ర చుక్క, అంటే అవి నింపకపోతే ఫారం ముందుకు కదలదు. మొట్టమొదటి ఎర్ర చుక్క గడి పంపు నంబరు, ఆరంకెలు. డేటాబేస్ ఇల్లయితే తెర దానికి కొట్టే సున్నం అని అప్పట్లో మాబోటివాళ్ళ నమ్మకం. కలెక్టరేటు హాల్లో గోడ మీద వేసి చూపించినప్పుడు అధికారులు చప్పట్లు కొట్టారు. టీ, బిస్కెట్లు కూడా వచ్చాయి.

2004 మార్చిలో నీటి సరఫరా విభాగం ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు నన్ను పిలిపించారు. ఆయన ముందు నా రిపోర్టే ఉంది, నిండా ఎర్ర సిరా గీతలతో. కదిరి వైపు ఒక మండలంలో (పేరెందుకు లెండి) నలభైకి పైగా ఫిర్యాదులు వచ్చాయి. ఏ ఊరిది చూసినా అన్నీ ఆ ఊరి మొదటి పంపు నంబరు మీదే నమోదయ్యాయి. మెకానిక్కులు వెళ్ళి చూస్తే ఆ పంపు శుభ్రంగా నీళ్ళు పోస్తోంది. "పనిచేస్తున్నది" అని రాసి, ఫిర్యాదు మూసేసి వచ్చారు. ఆపరేటరు కూర్చున్నచోటి నుంచి కదలకుండా దొంగ ఫిర్యాదులు పుట్టిస్తోందని, నేను వెళ్ళి విచారించి రిపోర్టు రాస్తే ఆ సంతకం మీద ఆమె కాంట్రాక్టు రద్దు చేస్తామని ఆయన చెప్పారు. నాకూ కోపంగానే ఉంది. ఊళ్ళో నీళ్ళ సంగతి కాదు, నా పట్టికను చెత్త చేసిందని కోపం. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

జీపులో పది గంటలకల్లా ఆ మండలాఫీసుకు చేరాను. ఆపరేటరు పేరు రామలక్ష్మి. పాతికేళ్ళుంటాయి. కంప్యూటరు మీద అల్లిక గుడ్డ కప్పి, దుమ్ము పడకుండా చూసుకుంటోంది. నేనెందుకు వచ్చానో అప్పటికే ఎవరో ఆమె చెవిన వేశారు. నాకు కుర్చీ తుడిచి, నిలబడే చెప్పింది.

"మా నాయనకు గొర్లుండె సార్. ఈ రెండేండ్ల కరువుకు మేత లేక అన్నీ అమ్మేసినాడు. ఇప్పుడు ఇల్లు ఈ పని మీదే నడుస్తాండాది. అయినా నేను దొంగరాతలు రాయలేదు. మీరు నమ్మితే నమ్మండి, లేకుంటే లేదు."

బతిమాలుతుందనుకున్నాను. ఆమె మాటలో బతిమాలడం లేదు. నువ్వు రోజూ చేసే పని చెయ్యి, నేను వెనక కూర్చుని చూస్తానన్నాను.

మొదట వచ్చింది ఒక ముసలావిడ, చంకలో ఖాళీ బిందె. నాలుగు దినాలుగా బోరింగు కొడితే గాలి తప్ప నీళ్ళు రాలేదని చెప్పింది. మా జిల్లాలో చేతిపంపును అందరూ బోరింగనే అంటారు. రామలక్ష్మి ఆమె ఊరి పేరు కొట్టి, పంపు నంబరెంతవ్వా అని అడిగింది.

"నంబరా? దానికి నంబరెవరు పెట్టినారే? గంగన్న బోరింగు అంటే మండలమంతా తెలుసు. నీకు తెలీదా?"

"నాకు తెలుసవ్వా, ఈ కంప్యూటరుకు తెలీదు."

రామలక్ష్మి నంబరు గడిని ఖాళీగా వదిలి, మిగతావన్నీ నింపి, నాకు చూపించడానికే బటన్ నొక్కింది. ఫారం అనంతపురం పోయి తిరిగి రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది. తిరిగి వచ్చిన తెర మీద ఎర్రటి ఇంగ్లీషులో ఒక హెచ్చరిక, దాని కింద పదిహేడు ఖాళీ గడులు. ఆమె నింపినదంతా తుడిచిపెట్టుకు పోయింది. ఆ హెచ్చరిక రాసింది నేనే. తిరిగి వచ్చేటప్పుడు నింపిన వివరాలు నిలిపి ఉంచడానికి పది లైన్ల కోడు చాలు, నేను రాయలేదు.

"మధ్యలో కరెంటు పోతే మూడోసారి నింపాల సార్. అవ్వ అందాక నిలబడల్ల గదా. అందుకే మీరిచ్చిన పంపుల జాబితాలో ఆ ఊరికి మొదట ఏ నంబరుంటే అదే కొడతా. ఆ తప్పు నాదే," అంది.

రెండోసారి అలాగే నింపింది. అయితే అక్కడితో ఆగలేదు. తెరను కిందికి జరుపుకుంటూ పదిహేడో గడికి, రిమార్కుల గడికి పోయి, ఇంగ్లీషు అక్షరాలతో ఒక్కొక్కటే వెతుక్కుంటూ కొట్టింది. గంగన్న బోరింగు, అంగడి ఎనక, చింతచెట్టు కాడ. ప్రతి ఫిర్యాదుకూ ఇట్లాగే రాస్తావా అని అడిగాను.

"అన్నిటికీ సార్. రాయకుంటే మెకానిక్కులకు ఎట్ల తెలుస్తాది? అంత రాసినా నీళ్ళొచ్చే బోరింగు కాడికే ఎందుకు పోతాండారో, అదే నాకు అర్థం కాలేదు."

నాకు అర్థమైంది. మా ప్రింటరు కాగితం మీద వరసకు నూట ముప్పై రెండు అక్షరాలు పడతాయి. రిపోర్టు తయారు చేసేటప్పుడు ఆఖరి గడి పట్టలేదు. రిమార్కులే కదా, ఎవరు చదువుతారని కోసేశాను. ఆమె రాసిన నిజమంతా ఆరు నెలలుగా నా డేటాబేస్‌లోనే, నా టేబులుకు పదడుగుల దూరంలోనే ఉంది. దీపం కిందే చీకటి అంటే ఏమిటో ఆ కుర్చీలో కూర్చుని తెలుసుకున్నాను.

ముసలావిడను జీపులో ఎక్కించుకుని ఆ ఊరికి పోయాను. గంగన్న బోరింగుకు సున్నం కొట్టి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి ఉంది. ఏటా గంగపూజకు అట్లా చేస్తారట. పంపుల సర్వేలో మావాళ్ళు రాయించిన ఆరంకెల నంబరు నాలుగు పొరల సున్నం కింద ఎక్కడో ఉండాలి. గంగన్న ఎవరని అడిగితే ఆమె నవ్వింది.

"సచ్చిపోయి పన్నెండేండ్లాయ నాయనా. ఈడ బోరు ఏసిన దినం టెంకాయ కొట్టింది ఆయప్ప. కొట్టినోళ్ళ పేరే గదా దానికి పెట్టేది. నువ్వు ఈ జిల్లా వాడివి కాదా?"

నేను ఈ జిల్లావాణ్ణే. నా చిన్నప్పుడు మా అమ్మ బిందె చేతికిచ్చి, సిద్దమ్మ బోరింగు కాడికి పోయి రా అనేది. సిద్దమ్మ ఎవరో నేను ఏనాడూ చూడలేదు, అయినా దారి ఎప్పుడూ తప్పలేదు. అన్నీ తెలిసినవాణ్ణే, తెర ముందు కూర్చునే వేళకు మరిచిపోయాను.

తిరిగి వచ్చి నా రిపోర్టు నాలుగు వాక్యాల్లో రాశాను. ఆపరేటరు చేసిన నమోదులు నిజమైనవి. పంపు నంబర్లు తప్పుగా పడటానికి కారణం తెర అమరిక. సరైన వివరం రిమార్కుల గడిలో ఉన్నా రిపోర్టులో అచ్చు కాలేదు. ఈ రెండింటి రూపకల్పనా నాదే. ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు చదివి, కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ, మీ మీదకు మీరే తెచ్చుకుంటారా అన్నారు. దురద కందదేనని, ఆ కందను నేనేనని చెప్పాను. నమ్మకం కుదరక ఆయన రిమార్కులతో కొత్త ప్రింటు తీయించి, దాన్నిచ్చి మెకానిక్కులను మళ్ళీ పంపారు. రామలక్ష్మి ఎక్కడ చెడిందని రాసిందో అక్కడ చెడే ఉన్నాయి. ఆమె కాంట్రాక్టు నిలబడింది, నాకు సంజాయిషీ మెమో వచ్చింది. నా సర్వీసులో చాలా మెమోలు వచ్చాయి గానీ, అర్హుణ్ణై అందుకున్నది అదొక్కటే.

తర్వాత రెండు వారాలు ఆ మండలాఫీసులోనే కూర్చుని తెర మళ్ళీ కట్టాను. అవి మంచి రోజులు. మోడెం కీచుమనే చప్పుడు, కిటికీలోంచి వేరుశనగ పొట్టు దుమ్ము, మధ్యాహ్నం రామలక్ష్మి ఇంటి నుంచి వచ్చే సంగటి, ఊరుబిండి పచ్చడి. నేను ఒక గడి పెడితే ఆమె రెండు తీసేయించేది. చివరికి మూడే మిగిలాయి: ఏ ఊరు, ఎవరి బోరింగు, ఏమైంది. ఊరు ఎంచుకుంటే ఆ ఊరి బోరింగుల పేర్లు వరసగా వస్తాయి. పాత సర్వే కాగితాలు చూసి ప్రతి పేరునూ దాని నంబరుతో ఒక్కసారి జతచేసి పెట్టాం, ఇక పేరు ఎంచుకుంటే నంబరును డేటాబేసే వెతుక్కుంటుంది. వెతుక్కోవడం దాని పని, అవ్వ పని కాదు. ఆ కంప్యూటర్లలో తెలుగు అక్షరాలు కనబడేవి కావు, అందుకని తెలుగు ప్రశ్నలను బొమ్మలుగా చేసి అతికించాను. పంపులన్నీ ప్రభుత్వానివైనప్పుడు ఎవరి బోరింగని అడగడమేమిటని పై నుంచి అభ్యంతరం వచ్చింది. ఆ బొమ్మ మార్చడం చాలా కష్టమని అబద్ధమాడాను. గార్లదిన్నె, నల్లమాడ మండలాల నుంచి కూడా ఆపరేటర్లు పేర్ల జాబితాలు రాసి పంపారు. వాటిలో మూడొంతులు చనిపోయినవాళ్ళ పేర్లే.

2009లో నేను ఇంకో జిల్లాలో ఉండగా రామలక్ష్మి ఫోన్ చేసింది. పాతది తీసేసి కొత్త అప్లికేషన్ పెట్టారట.

"మొదటి గడిలోనే మళ్ళా నంబరు అడుగుతాండాది సార్. ఎర్ర చుక్క కూడా ఉండాది."

రిమార్కుల గడి ఉందా అని అడిగాను. ఉందంది. అందులో రాయి, అది రిపోర్టులో అచ్చవుతుందో లేదో మాత్రం మొదటిరోజే అడుగు అన్నాను.

"అడిగినా సార్. కాలేదు. ఆ తెర కట్టినాయప్పను వచ్చి నా ఎనక ఒక పూట కూర్చోమని చెప్పినా. సోమవారం వస్తాడంట."

తప్పు నింపినవాళ్ళను విచారించే ముందు, గడి పెట్టినవాణ్ణి విచారించాలి. పనిచేసేవాళ్ళ వెనక ఒక పూట నోరు మూసుకుని కూర్చుంటే ఆ విచారణ దానంతటదే అయిపోతుంది. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఇంతే. మా ఊరి సిద్దమ్మ బోరింగు నంబరెంతో నాకు ఈ రోజుకీ తెలియదు.