తేనెలో రంగరించిన మాత్ర

ఇన్నేళ్లూ ఎవరైనా ఆయాసపడుతూ ఎదురొస్తే నేను దారి మార్చుకుని పోయేదాన్ని. ఎందుకో మా ఆయనకు కూడా తెలియదు. మీకు చెబుతాను. మధ్యలో ఏమీ అడగకండి, అడిగితే చెప్పలేను.

మా అత్తకు ఉబ్బసం. ఇందుకూరుపేట దగ్గర మా పల్లెలో సముద్రపు గాలి మళ్లిందంటే ఆమెకు కూర్చునే తెల్లవారేది. పంతొమ్మిది వందల అరవైల్లో అనుకుంటాను, నెల్లూరు డాక్టరు గారు కొత్తరకం గొట్టం మాత్రలిచ్చారు. లోపలి గింజలు రోజంతా మెల్లగా కరుగుతాయట. అన్నం తిన్నాక, విప్పకుండా మింగాలి. అత్త బయట బల్ల మీద ఉంది. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే.

మాత్రలు బాగా పనిచేశాయి. అత్త మళ్లీ పొయ్యి దగ్గర నాతో పోట్లాడేటంత కోలుకుంది.

ఆ శనివారం ఆమెకు ఒక్కపొద్దు. దీపం పెట్టేదాకా మెతుకు ముట్టదు. పొలంలో నాట్లు, నేను సద్ది మోసుకుపోవాలి. "ఈ గొట్టం గొంతు దిగేట్టు లేదు మే, తేనెలో రంగరించి ఇయ్యి" అంది. నాటుమందు మేమట్లాగే పరగడుపున నాకించేవాళ్లం. వద్దనాలి. సాయంత్రం తిన్నాక వేసుకోమనాలి. అంటే ఎందుకు, ఏమిటి అని అడుగుతుంది, అవతల పొద్దెక్కుతోంది. గొట్టం విప్పి, గింజలు కల్వంలో నూరి నాకించాను. తెలియక చేశానా? లేదు. ఏమవుతుందిలే అనుకున్నాను.

సద్దిగంప దించేలోపే కబురొచ్చింది. అత్తకు వాంతులు, చేతులు వణుకు, గుండె ఎగిరెగిరి పడుతోంది. రోజంతా కొంచెం కొంచెంగా పట్టాల్సిన మందు ఒక్కసారే ఒంటికి పట్టేసింది. బండి కట్టుకుని నెల్లూరు పోయాం.

"అన్నం తిన్నాక, గొట్టం విప్పకుండానే మింగించినావా అమ్మా?" అన్నారు డాక్టరు గారు.

అత్త నావైపు చూసింది.

"అట్నే మింగించినాను సార్."

అత్త గోడవైపు తిరిగి పడుకుంది. ఆ మాత్ర ఈమెకు పడదని ఆయన ఆపేశారు. నిజం చెబితే ఏమయ్యేది? నాలుగు తిట్లు తినేదాన్ని. తిట్లకా భయపడ్డాను? అవును, తిట్లకే.

మళ్లీ పాత మందులే. చలికాలమంతా ఆమె రొప్పు గోడ ఇవతల నుంచి విన్నాను. మరుసటేడు నాట్లకు ఆమె లేదు. ఆ మాత్రతో బతికేదా? ఏమో. ఊపిరాడే రోజులు కొన్నయినా దక్కేవి కదా, వాటిని నేనే పోగొట్టాను.

ఆ చలికాలం చూడొచ్చిన వాళ్లతో అత్త "నా కోడలు చేయాల్సిందంతా చేసింది, ఇంగ్లీషు మందే నాకు పడలా" అనేది. తెలిసే అనేదా? నేను అడగలేదు. అడిగే ధైర్యం నాకెక్కడిది?

మీతో చెప్పాక కాస్త ఊపిరాడుతోంది. కానీ ఇది మీతో చెప్పాల్సిన మాట కాదు. అత్తా, ఆ మందు నీకు పడింది.